కవచానికి కవరు

కాకినాడలో ఐసు ఎప్పుడూ చేపల కోసమే ఉండేది. హార్బరు రోడ్డులోని పాత ఐసు ఫ్యాక్టరీలో తెల్లారేసరికి దిమ్మలు దిమ్మలుగా తయారై, రొయ్యల మీదా పండుగప్పల మీదా పడి, మధ్యాహ్నానికల్లా నీళ్లయిపోయేది. ఆ ఐసు మీద మనుషుల్ని పరుగెత్తించవచ్చుననీ, పరుగెత్తినందుకు జీతం కూడా ఇవ్వవచ్చుననీ ఒక ఏడాది పెద్దలకు తట్టింది. మే నెలలో తట్టింది. ఆ నెలలో ఐసు గురించి ఎవరికి ఏం తట్టినా కాదనేవాళ్లుండరు.

అలా కోస్తా ఐసు హాకీ మండలి పుట్టింది. ఫ్యాక్టరీ లోపలి గోడలు పడగొట్టి, నేలంతా ఐసు పరిచి, చుట్టూ చెక్కలు బిగించి మైదానం అన్నారు. రొయ్యల వాసన మాత్రం ఎంత కడిగినా పోలేదు. చుట్టుపక్కల ఊళ్ల జట్లతో లీగు పోటీలకని ‘కాకినాడ కెరటాలు’ అని ఆడపిల్లల జట్టు ఒకటి తయారైంది. మునిసిపల్ స్కూలు ఆవరణలో చక్రాల స్కేటింగు నేర్పే వెస్లీ మాస్టారిని కోచ్‌గా పెట్టుకున్నారు. ఆయన దగ్గర చిన్నప్పటినుంచీ స్కేటింగు నేర్చుకున్న ఉజ్వలకు జట్టులో ఏడో నంబరు చొక్కా వచ్చింది.

ఉజ్వల తల్లి మాణిక్యం కవర్లు కుడుతుంది. జగన్నాథపురంలో ఫ్రిజ్జు మీద కవరు ఉన్న ఇల్లు ఉందంటే అది మాణిక్యం కుట్టిందే. ఫ్రిజ్జుకి, మిక్సీకి, గ్రైండరుకి, టీవీకి, టీవీ రిమోటుకి, చివరికి ఫ్రిజ్జు తలుపు పిడికి కూడా ఆమె కవరు కుట్టి ఇచ్చేది. కవరు లేని వస్తువు ఆమె కంటికి ఒంటి మీద బట్ట లేని మనిషిలా కనబడేది. వాళ్లింట్లో సోఫా కొని పదకొండేళ్లయింది. షాపువాడు చుట్టిచ్చిన ప్లాస్టిక్ ఇంకా తియ్యలేదు. ఎండాకాలంలో దాని మీద కూర్చున్న చుట్టాలు లేచేటప్పుడు చర్రుమని చప్పుడయ్యేది. మాణిక్యం మొగుడు ధర్మారావు స్కూటరు సీటుకి కూడా తొమ్మిదేళ్లుగా అదే భాగ్యం.

ఈ ఐసు హాకీ ఏమిటో మాణిక్యానికి మొదట్లో అర్థం కాలేదు. కాళ్లకు కత్తుల్లాంటి స్కేట్లు, చేతిలో వంకర కర్ర, మధ్యలో పక్ అనే నల్ల రబ్బరు బిళ్ళ. చూడ్డానికి మాడిపోయిన గారెలా ఉంటుంది, తగిలితే ఇటుకలా తగులుతుంది. అవతలి జట్టువాళ్లు ఆ గారెను గోలులోకి కొడుతుంటే మధ్యలో కాలు అడ్డం పెట్టడం ఉజ్వల ఉద్యోగం.

“డిగ్రీ చదివి కాలు అడ్డం పెట్టే ఉద్యోగమేంటే?” అనేది మాణిక్యం, కూతురి కాలికి సున్నం, పసుపు కలిపి పట్టు వేస్తూ.

“బ్యాంకులో అయితే చెయ్యి అడ్డం పెట్టాలి. ఇక్కడ కాలు. నొప్పెడుతోంది, మెల్లిగా రాయవే అమ్మా.”

రెండు నెలలు పిల్లలు పాత క్రికెట్ ప్యాడ్లు కోసుకుని, వాటిలో కొబ్బరిపీచు దట్టించి కట్టుకుని ఆడారు. ఆ తరవాత పైదేశం నుంచి అసలైన షిన్ గార్డులు వచ్చాయి. మోకాలి చిప్ప దగ్గర్నుంచి చీలమండ దాకా కాలి ఎముకకు అచ్చు గుద్దినట్టు అమరే గట్టి ప్లాస్టిక్ డిప్పలు. లోపల మెత్తటి దూది పరుపు. మేజోడు కింద తొడుక్కుంటే పైకి కనబడవు కూడా. ఇరవై జతలు వచ్చాయి. మండలి కార్యదర్శి దక్షిణామూర్తి గారు వాటికి పసుపు కుంకుమ పెట్టించి, కొబ్బరికాయ కొట్టించి, స్టోర్సు ఆఫీసరు పరాంకుశం గారి చేత హారతి ఇప్పించి, ఆ తరవాత పిల్లలకు పంచారు.

రెండో రోజున ఏడో నంబరు గార్డు మీద గీత పడింది.

* * *

కూతురికి టిఫిను క్యారేజీ పట్టుకుని మాణిక్యం ఐసు ఫ్యాక్టరీకి వెళ్లేసరికి విచారణ జరుగుతోంది. బల్ల మీద ఎర్ర బట్ట పరిచి, దాని మీద గార్డును పడుకోబెట్టారు. గోటితో గీరినంత గీత. దక్షిణామూర్తి గారు దాన్ని భూతద్దంలోంచి చూస్తున్నారు. ఎదురుగా ఉజ్వల చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పరాంకుశం గారు రాసుకుంటున్నారు.

“ఘటనా సమయమున మీ కాలు అక్కడ ఎందుకున్నది?” అన్నారు దక్షిణామూర్తి గారు. ఆయన ఇంట్లో మామూలుగానే మాట్లాడతారట. కుర్చీలో కూర్చుంటే మాత్రం అలా వచ్చేస్తుంది.

“పక్ వస్తోందండి. అడ్డం పెట్టాను.”

“వచ్చుచున్నదని తెలిసియే పెట్టితిరా?”

“తెలిసే పెట్టానండి.”

“రాసుకోండి పరాంకుశం గారూ. తెలిసియే. కాలికి గార్డు ఉన్నదని కూడా తెలియునా?”

“ఆయ్, తెలుసండి.”

“గార్డు లేని కాలు పెట్టుటకు ఏమి అభ్యంతరము?”

“రెండు కాళ్లకీ ఉన్నాయండి.”

“అనగా, గార్డు లేని కాలు పెట్టుటకు అవకాశమే లేకుండా చేసుకొని వచ్చితిరి.” ఆయన భూతద్దం కింద పెట్టారు. “ఇది పథకము ప్రకారము జరిగినట్లున్నది.”

వెస్లీ మాస్టారు ఇక ఉండబట్టలేకపోయారు. “అది కాదండీ. పిల్ల కాలికి ఏమీ కాలేదు కదా! అందుకే కదండీ అవి కొన్నది!”

“మాస్టారూ,” అన్నారు దక్షిణామూర్తి గారు ఎంతో ఓపిగ్గా, “కాలు ఆమె సొంతము. గార్డు మండలిది. సొంత ఆస్తిని కాపాడుకొనుటకు మండలి ఆస్తిని అడ్డు పెట్టుట ఏపాటి సంస్కారము?”

మాస్టారు మెడలోని విజిలు తీసి జేబులో వేసుకున్నారు. తరవాతి సంగతులు తలుచుకున్నప్పుడల్లా మాణిక్యం నాలుక కరుచుకునేది. ఎందుకంటే అప్పుడు నోరు విప్పింది తనే. బల్ల మీద బోసిగా పడి ఉన్న ఆ వస్తువును చూసి ఆమె ప్రాణం ఉసూరుమంది.

“అయ్యా, ఒక్కమాటండి. దానికో కవరు కుట్టేస్తే సరిపోద్ది కదండీ.”

పరాంకుశం గారి కలం ఆగిపోయింది. దక్షిణామూర్తి గారు లేచి నిలబడ్డారు.

“కవచమునకు కవరు!” అన్నారాయన. “ఇన్ని దేశములు ఇన్ని ఏండ్లుగా ఈ ఆట ఆడుచున్నవి. ఒక్కరికైనా తోచినదా?”

“మా ఇంట్లో ఫ్రిజ్జుకి ఈవిడే కుట్టారండి,” అన్నారు పరాంకుశం గారు గర్వంగా. “ఆరేళ్లయింది. ఆ ఫ్రిజ్జు ఏ రంగో మేం మర్చిపోయాం.”

* * *

మాణిక్యం జన్మలో అంత మనసు పెట్టి కుట్టలేదు. బయట మందపాటి కాన్వాసు, లోపల మెత్తని ఫ్లానెల్, అంచుకు ఎర్ర పైపింగు, పక్కన జిప్పు, ముందు ఎర్రదారంతో నంబరు. ఇరవై జతల గార్డులకు నలభై కవర్లు. దక్షిణామూర్తి గారు ఆమెకు శాలువా కప్పారు. ఆ శాలువాకు కూడా ఆమె ఇంటికెళ్లి కవరు కుట్టుకుంది.

కవర్లు తొడిగిన గార్డులు కట్టుకుని పిల్లలు రెండు రోజులు ఆడారు. ఐసు నీళ్లు తగిలి కవర్లు మాసిపోయాయి. మండలి సమావేశమై, కవరు మాయడం కూడా ఆస్తి నష్టమేనని తీర్మానించి, కవరుకు పైన ప్లాస్టిక్ కవరు వేయించింది. అవి తొడుక్కుంటే మోకాలు వంగేది కాదు. ఐసు మీద పదిమంది పిల్లలు కొయ్యబొమ్మల్లా కదులుతుంటే ఆ చప్పుడు పది చిప్సు పొట్లాలు ఒకేసారి నలుపుతున్నట్టుండేది. గోలుకీపరు కిందపడితే లేపడానికి ముగ్గురు కావలసి వచ్చింది. ఆ ముగ్గురూ కూడా పడ్డారు. నలుగురి ప్లాస్టిక్కూ గీసుకుపోయింది.

ఆ సాయంత్రమే సర్క్యులరు వచ్చింది. వెస్లీ మాస్టారు దాన్ని ఐసు మధ్యలో నిలబడి, కచేరీలో పద్యం చదివినట్టు చదివారు.

“ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, రక్షణ సామగ్రి అంతయు, పై ప్లాస్టిక్ తొలగింపబడి, నేటినుండి మైదానము పక్కన అద్దాల బీరువాలో తాళము వేసి భద్రపరచబడును. ప్రతి క్రీడాకారిణి ఐసు మీదకు పోవుటకు ముందు బీరువా ఎదుట నిలిచి, తన నంబరు గల గార్డును ఒకసారి కన్నులారా చూచి, రక్షణ పొందిన భావనతో ఆటలోనికి పోవలెను.”

“దండం పెట్టాలాండి?” అంది ఫాతిమా. ఆమె ఉజ్వలతోబాటు గోలు ముందు కాలు అడ్డం పెట్టే రెండో పిల్ల.

“అది ఐచ్ఛికమట,” అన్నారు మాస్టారు కింద సంతకం దాకా చదివి.

నెల తిరిగేసరికి ఫాతిమా చీలమండ విరిగింది. ఇంకో పిల్ల పిక్కకు స్కేటు కోసుకుని ఏడు కుట్లు పడ్డాయి. నెలాఖరు సమావేశంలో దక్షిణామూర్తి గారు గోడకు పెద్ద చార్టు తగిలించారు. గాయాల గీత కింద పడుకుని ఉంది.

“ఈ నెలలో మన గార్డులకు తగిలిన గాయములు, సున్న!” అని ప్రకటించారు. “లీగులోని ఏ జట్టుకును ఇట్టి ఘనత లేదు.”

అందరూ చప్పట్లు కొట్టారు. మాణిక్యమూ కొట్టింది. తన కవర్లు కదా మరి. చంకకర్రలు ఆనించుకుని వెనకాల నిలబడ్డ ఫాతిమా కూడా కొట్టబోయి, కర్ర జారి పక్కనున్నవాళ్లను పట్టుకుంది. మాణిక్యం చేతులు అక్కడ ఆగిపోయాయి. తిరిగి కూతురి వంక చూసింది. ఉజ్వల ఎడమ కాలు నేల మీద ఆనించకుండా, కొంగలా నిలబడి ఉంది.

ఎక్సురే తీయించారు. ఎముకలో తలవెంట్రుకంత నెర్రె. డాక్టరు ఆరు వారాలు కదలొద్దన్నాడు. ఆరు వారాలూ మాణిక్యం కూతుర్ని ప్లాస్టిక్ సోఫా మీద కూర్చోబెట్టి, కాలు దిండు మీద పెట్టి, మటన్ ఎముకల సూపు తాగించింది. ఆఖర్న డాక్టరు ఫోటో పైకెత్తి చూసి, “అతుక్కుంది,” అన్నాడు. “కానీ అమ్మాయ్, సరిగ్గా అక్కడే ఇంకో దెబ్బ తగిలిందంటే స్కేట్లు అటకెక్కించి మర్చిపో. ఆడితే గార్డు కట్టుకునే ఆడు. మీ వాళ్ల దగ్గర లేవా?”

“ఉన్నాయండి,” అంది ఉజ్వల. “రోజూ చూస్తాం.”

వారం రోజుల్లో విశాఖ జట్టుతో ఫైనలు.

* * *

“మానెయ్యవే తల్లీ,” అంది మాణిక్యం.

“మానేస్తే గోలు ముందు ఎవరుంటారమ్మా? ఫాతిమా కాలికి కట్టు. విశాఖ జట్టులో ఒక పిల్ల ఉంది, అది కొడితే పక్ కంటికి కనబడదు, చప్పుడే వినబడుతుంది. మా గోలుకీపరు దాన్ని తలుచుకుని ఇప్పటినుంచే అన్నం మానేసింది.”

“నీ కాలు పోతే?”

ఉజ్వల స్కేటు అంచును బొటనవేలితో తడిమి చూసుకుంది. పదేళ్లప్పుడు మునిసిపల్ స్కూలు ఆవరణలో మొదటిసారి చక్రాల మీద నిలబడి, పడకుండా గోడ దాకా వెళ్లి, “అమ్మా, చూశావా!” అని అరిచిన పిల్ల మొహం మాణిక్యానికి గుర్తొచ్చింది. ఆ మొహంతో వాదించి గెలవలేదని ఆమెకు తెలుసు. మర్నాడు శాలువా కవరులోంచి శాలువా తీసి కప్పుకుని, దక్షిణామూర్తి గారి దగ్గరికి వెళ్లింది.

“అయ్యా, ఒక్క జత ఇప్పించండి. ఒక్క ఆటకి. ఆట అవ్వగానే తుడిచి మరీ ఇచ్చేస్తాం.”

“తప్పక ఇచ్చెదము,” అన్నారాయన ఆప్యాయంగా. “నిబంధన ఉన్నది. గాయము అగునని రూఢిగా తేలిన క్రీడాకారిణికి గార్డు ఇవ్వవచ్చును.”

“తేలిందండి! డాక్టరు గారు రాసిచ్చారు. దెబ్బ తగిలితే విరుగుద్దంట.”

“చూచితిని. కానీ అట్టి బలహీనమైన కాలు గల క్రీడాకారిణి ఆటకు అనర్హురాలు. అనర్హులకు సామగ్రి ఇవ్వరాదు.”

“అయితే కాలు బాగానే ఉందనుకోండి.”

“అట్లయిన గార్డెందుకు?”

ఎటునుంచి వెళ్లినా తలుపుకు ఆయనే అడ్డంగా కూర్చుని ఉన్నారు. ఆయన మొహంలో మాత్రం కాస్త కూడా చెడ్డతనం లేదు. పండక్కి కొన్న కొత్త పరుపు మీద పిల్లల్ని పడుకోనివ్వని ఇల్లాలి మొహంలా ఉంది. అచ్చం తన మొహంలా ఉంది.

ఇంటికి బయల్దేరబోతూ బీరువా దగ్గర ఆగింది. ఏడో నంబరు కవరు అంచున చిన్న మరక.

“పరాంకుశం గారండీ, ఈ కవరు మాసిందండి. ఉతికి తెస్తాను.”

“తీసుకెళ్లండి, తీసుకెళ్లండి. శుభ్రత ముఖ్యం.” ఆయన తాళం తీశారు. కవరు జిప్పు మీద చెయ్యి వేసి ఆగిపోయారు. గోడ మీది నిబంధనలకేసి చూశారు. నాలుగోది పైకి చదివారు. “గార్డు కవరు లేకుండ ఒక్క క్షణమైనను ఉండరాదు.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“మరి కవరు ఎలా ఉతకనండి?”

పరాంకుశం గారు చాలాసేపు బుర్ర గోక్కున్నారు. పుస్తకం తిరగేశారు. చివరికి ఆయన మొహం వెలిగింది. “లోపల గార్డు ఉండగానే తీసుకెళ్లి ఉతకండి. కవరు విప్పకండి. జిప్పు కూడా తియ్యకండి. నిబంధన ఎక్కడా తప్పలేదు, చూశారా!”

రెండు కవర్లూ ఆమె చేతుల్లో పెట్టి, రిజిస్టరులో ‘ఉతుకుటకు’ అని రాసి, ఆమె చేత సంతకం చేయించుకున్నారు.

* * *

ఇంటి వెనక పందిరికి, విత్తనానికని ముదరనిచ్చిన సొరకాయలు రెండు వేలాడుతున్నాయి. మాణిక్యం వాటి కాడలు కోసి, కొలత టేపు పెట్టి చూసింది. మోకాలి దగ్గర లావు, చీలమండ దగ్గర సన్నం. దేవుడు ఏ ఆటను తలుచుకుని సొరకాయను చేశాడో!

ఆమె జిప్పు తీసి, గార్డులు బయటికి లాగి, ఒక్కో కవరులో ఒక్కో సొరకాయ పెట్టి, బిగుసుకున్న జిప్పు జారడానికి కొవ్వొత్తి రుద్ది మూసింది. గడపలో నిలబడ్డ ధర్మారావు ఇదంతా చూశాడు.

“విత్తనం కాయలే అవి!”

“పోతే పోనీండి. అటు విత్తనం, ఇటు పిల్ల కాలు. ఏది కావాలో చెప్పండి.”

“నేనేం అన్నాను?” అంటూ ఆయన మెల్లిగా స్కూటరు దగ్గరికి వెళ్లిపోయాడు.

సాయంత్రం పరాంకుశం గారు కవర్లను చేత్తో తూచారు. “ఉతికాక బరువెక్కాయే?”

“ఇంకా తడి ఆరలేదండి.”

“ఆరనివ్వండి, తొందరేం లేదు,” అని ఆయన వాటిని జాగ్రత్తగా బీరువాలో నిలబెట్టి తాళం వేశారు.

* * *

ఫైనలు రోజున కొత్త సర్క్యులరు వచ్చింది. విశాఖ పిల్ల కొట్టే పక్ గురించి దక్షిణామూర్తి గారికి కూడా తెలిసింది. బీరువా మైదానం అంచునే ఉంది. అద్దం పగిలితే? గార్డులకు ఏమైనా అయితే?

“కావున,” అని మాస్టారు చదివారు. ఈసారి ఆయన గొంతులో పద్యం లేదు. “పక్ అద్దాల బీరువా దిక్కుగా పోవు సందర్భమున సమీపమందున్న క్రీడాకారిణి తన కాలిని అడ్డుగా ఉంచవలెను. ఇట్టి సమయములందు క్రీడాకారిణుల కాళ్లు రక్షణ సామగ్రికి రక్షణ సామగ్రిగా పరిగణింపబడును.”

పిల్లలు వరసగా బీరువా ముందు నిలబడి, తమ తమ నంబర్లు చూసుకుని, రక్షణ పొందిన భావనతో లోపలికి వెళ్లారు. ఉజ్వల ఏడో నంబరు ముందు అందరికన్నా ఎక్కువసేపు నిలబడింది. కళ్లకద్దుకుంది కూడా. ఆమె పొడుగు మేజోళ్ల కింద కాళ్లు రోజూకన్నా కాస్త లావుగా ఉన్నాయి. ఆ సంగతి చూసే తీరిక మండలివారికి లేదు. వాళ్లు కుర్చీలన్నీ బీరువాకేసి తిప్పి వేయించుకుని, ఆటకు వీపు పెట్టి కూర్చున్నారు.

ఆట చివరికొచ్చింది. రెండు జట్లకీ చెరో గోలు. విశాఖ పిల్ల వెనక్కి వెళ్లి, కర్ర భుజం దాకా ఎత్తి కొట్టింది. పక్ గోలు స్తంభానికి తగిలి, టంగుమని మోగి, దారి తప్పి తిన్నగా బీరువాకేసి లేచింది.

“కాలు! కాలు!” అని బీరువా అద్దంలో అది కనబడగానే కేకలేశారు దక్షిణామూర్తి గారు. “ఎవరిదైనా ఒక కాలు!”

ఉజ్వల అప్పటికే నేలబారుగా జారుతూ ఎడమ కాలు చాపింది. ఠప్‌మంది. ఆ ఠప్ మాణిక్యం పక్కటెముకల్లో మోగింది. ఆమె చేతిలోని టిఫిను క్యారేజీ కింద పడి, గిన్నె గిన్నెకీ విడిపోయి దొర్లింది. ఉజ్వల ఐసు మీద బోర్లా పడి ఉంది. ఒకటి, రెండు, మూడు అని మాణిక్యం మనసులో లెక్కపెట్టుకుంది. నాలుగు అనేలోపల కూతురు లేచింది. ఎడమ కాలు మీద బరువు ఆనించి చూసింది. తలెత్తి, జనంలో తల్లిని వెతుక్కుని నవ్వింది. పదేళ్లప్పటి నవ్వే.

ఆ తరవాత పక్‌ను కర్రతో లాగి ముందుకు తోసింది. ముందున్న పిల్ల దాన్ని గోలులో వేసింది. ఆ గోలు మండలివారు ఎవరూ చూడలేదు. వాళ్లంతా బీరువా చుట్టూ చేరి, రుమాళ్లతో అద్దం తుడుస్తూ, ఏడో నంబరు కవర్లను బయటికి తీసి, అటూ ఇటూ నొక్కి చూస్తున్నారు.

“చెక్కు చెదరలేదు!” అన్నారు దక్షిణామూర్తి గారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. “అచ్చముగా కొత్తవాటివలె ఉన్నవి.”

ఇంటికొచ్చి, మేజోడు తీసి చూస్తే ఎడమ గార్డు పైనుంచి కింద దాకా నిలువునా చీలి ఉంది. కాలి మీద ఎర్రటి చార కూడా లేదు. మాణిక్యం చీలిన ఆ డిప్పను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు నిమిరింది. తరవాత కత్తెర తెచ్చింది. సోఫా ప్లాస్టిక్ ఒక మూల పట్టుకుని బరబరా కోసేసింది.

“అయ్యో, మాసిపోద్దే!” అన్నాడు ధర్మారావు గుమ్మంలోంచి.

“తప్పుకోండి. మీ స్కూటరు దగ్గరికి కూడా వస్తున్నాను.”

సోఫా నీలం రంగుదని ఆ ఇంట్లో అందరికీ అప్పుడే తెలిసింది.

* * *

సామగ్రి పరిరక్షణలో మండలికి రాష్ట్ర బహుమతి వచ్చింది. సభలో ఏడో నంబరు కవర్లకు పూలదండలు వేశారు. బంగారు దారంతో ‘ఆదర్శ కవచము’ అని కుట్టమని మాణిక్యానికే పురమాయించారు. ఆమె కుట్టింది.

ఆ తరవాత ఒక్కొక్క నంబరు కవరూ మాయడం మొదలుపెట్టింది. పిల్లల తల్లులు సాయంత్రాలు సంచుల్లో సొరకాయలు పట్టుకుని మాణిక్యం ఇంటికి రాసాగారు. గోలుకీపరు గార్డులు పెద్దవి కాబట్టి వాళ్లమ్మ బూడిదగుమ్మడికాయలు మోసుకొచ్చింది. ఫాతిమా వాళ్లమ్మ, “మా పిల్ల ఇంకో నెలకి గాని ఆడదు గాని, కాయలు ముదిరిపోతాయని తెచ్చేశానక్కా,” అంటూ నవ్వింది. పరాంకుశం గారు ఒక్కొక్క జతనూ రిజిస్టరులో రాసి, చేతికిచ్చి, సాయంత్రం చేత్తో తూచి లోపల పెట్టుకున్నారు. చీలిన ఏడో నంబరు గార్డుకు మాస్టారు సైకిలు ట్యూబు ముక్క అంటించి ఇచ్చారు. తరవాతి ఆటల్లో పిల్లల కాళ్లకు గాయాలు తగ్గిపోయాయి. ఆ సంగతి లెక్కవేయడానికి మండలి దగ్గర చార్టు లేదు.

వానాకాలం వచ్చింది. ఒకనాడు పరాంకుశం గారు స్కూటరు మీద రొప్పుకుంటూ వచ్చి, “అర్జంటుగా రమ్మంటున్నారండి,” అన్నారు. మాణిక్యం గుండెలు చిక్కబట్టుకుని వెళ్లింది.

బీరువా ముందు దక్షిణామూర్తి గారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. ఏడో నంబరు కవరు జిప్పు చివర, సందులోంచి, జానెడు పొడుగున లేతాకుపచ్చ తీగ ఒకటి బయటికి వచ్చింది. దాని కొసన రెండు ఆకులు. బంగారు దారం ‘ఆ’ మీదుగా పాకి, పక్కనే ఉన్న ఎనిమిదో నంబరును పట్టుకుంటోంది.

“మాణిక్యం గారూ, ఇదేమిటి?”

ఉజ్వల ఉద్యోగం, ఇరవైమంది పిల్లల కాళ్లు, అన్నీ ఆ జానెడు తీగకు వేలాడుతున్నాయి. నిజం చెప్పేద్దామనే అనుకుంది. కానీ ఆయన కళ్లలోకి చూసింది. అక్కడ అనుమానం లేదు. తొలిసారి మనవణ్ణి చూస్తున్న తాతగారి కళ్లవి.

“మీరు అంత బాగా చూసుకున్నారు కదండీ,” అంది మెల్లిగా. “ప్రాణం పోసుకుందండి.”

దక్షిణామూర్తి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“రాసుకోండి పరాంకుశం గారూ,” అన్నారు గద్గదంగా. “ఇతర జట్ల సామగ్రి ఏటేటా తరిగిపోవుచుండగా, మన సామగ్రి పెరుగుచున్నది.” ఆయన ముందుకు వంగి, వేలితో ఆకును ముట్టుకోబోయి, ఆస్తికి తగిలే నష్టం గుర్తొచ్చి, వేలు వెనక్కి తీసుకున్నారు. మాణిక్యం వైపు తిరిగారు.

“దీనికి కూడా ఒక కవరు కావలెను.”

“అలాగేనండి,” అంది మాణిక్యం. మెడలోని టేపు తీసి, తీగ పక్కన పెట్టి కొలత చూసుకుంది. ఎదిగే పిల్ల కదా అని, నాలుగంగుళాలు వదులు వేసి రాసుకుంది.